మజిల్‌లోడర్ నింపే సామాను: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఏది వదిలేయాలి

మజిల్‌లోడర్, అంటే మూతి నుంచి తుపాకి మందు నింపే రైఫిల్, కొనేవాళ్లు నెలల తరబడి తుపాకి గురించే ఆలోచిస్తారు. ఏ కంపెనీది, ఎంత క్యాలిబర్, చెకుముకి రాయిదా (ఫ్లింట్‌లాక్) లేక పేలుడు మందున్న చిన్న లోహపు టోపీ, అంటే పెర్కషన్ క్యాప్‌దా అని కనపడినవాళ్లందరినీ అడుగుతారు. తీరా కొన్నాక, దాన్ని నింపడానికి కావలసిన సామాను మాత్రం కౌంటర్ పక్కన వేలాడుతున్న ప్యాకెట్ ఒకటి తీసుకుని ఇంటికొచ్చేస్తారు. ఇది నాకు అస్సలు నచ్చని పద్ధతి. ఈ తుపాకికి తూటా ఫ్యాక్టరీలో తయారై రాదు. ప్రతిసారీ మూతిలోంచి మందు పోసి, గుడ్డ చుట్టిన సీసపు గుండును అడుగుదాకా దింపి మనమే తయారు చేసుకోవాలి. ఆ పని ప్రతిసారీ ఒకేలా జరిగితేనే గుండు అనుకున్న చోట తగులుతుంది. లేకపోతే బారెల్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. అందుకే ప్రతి వస్తువునీ రెండే ప్రశ్నలు వేసి చూస్తాను. నింపడం ఒకేలా కుదురుతోందా? నా చేతికి ప్రమాదం తగ్గుతోందా?

నేను ఉండేది పెన్సిల్వేనియాలో. క్రిస్మస్ మర్నాటి నుంచి ఇక్కడ ఫ్లింట్‌లాక్ జింకల సీజన్ మొదలవుతుంది. 1974 నుంచి నడుస్తున్న ఆ సీజన్ కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు. అమెరికన్ లాంగ్ రైఫిల్‌కు పుట్టిల్లు కూడా ఇదే. 18వ శతాబ్దంలో లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్ పనివాళ్లు, వాళ్లలో జేకబ్ డికర్ట్ లాంటి పేరున్నవాళ్లు, పొడవాటి బారెల్ ఉన్న లాంగ్ రైఫిల్‌కు ఒక రూపం తెచ్చారు. నాజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో లాంగ్ రైఫిల్ మ్యూజియం ఉంది. ఈ విషయం మీద ఇష్టం ఉన్నవాళ్లు తప్పక చూడాలి. నా దగ్గరున్నవి రెండు. ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న థాంప్సన్ సెంటర్ హాకెన్, .50 క్యాలిబర్, 28 అంగుళాల బారెల్, క్యాప్‌తో పేలుతుంది. రెండోది 42 అంగుళాల బారెల్ ఉన్న ఫ్లింట్‌లాక్, అదీ .50 క్యాలిబరే. కింద రాసేదంతా ఈ రెండింటితో వాడి చూసిన సామాను గురించి. ఇన్‌లైన్ అనే కొత్తరకం మజిల్‌లోడర్లు, వాటి గోళీల మందు వేరే లోకం. వాటి జోలికి పోను.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఇక్కడి మనవాళ్లకు ఒక మాట. మజిల్‌లోడర్లలో చాలావాటిని అమెరికా ఫెడరల్ చట్టం యాంటిక్ కిందే లెక్కేస్తుంది కాబట్టి, మామూలు తుపాకి కొన్నంత తతంగం చాలాచోట్ల ఉండదు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. పక్కనే ఉన్న న్యూజెర్సీలో దీన్ని మామూలు తుపాకి లాగే చూస్తారు. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు ఎవరో చెప్పారని కొనకండి, ముందు లాయర్‌ని అడగండి. ఇంకొకటి, బ్లాక్ పౌడర్ (ఈ తుపాకుల్లో పోసే మందు) గానీ పెర్కషన్ క్యాప్‌లు గానీ విమానంలో ఏ బ్యాగులోనూ పెట్టకూడదు, చెక్-ఇన్ బ్యాగులో కూడా.

అన్నిటికంటే ముఖ్యమైనది ర్యామ్‌రాడ్, అంటే గుండును అడుగుదాకా దింపే కడ్డీ. డబ్బు పెట్టాల్సింది దీని మీదే.

తుపాకి కింద గొట్టాల్లో దూర్చి ఉండే చెక్క ర్యామ్‌రాడ్ చూడ్డానికి చాలా బాగుంటుంది. వేటకు వెళ్లినప్పుడు అదే ఉండాలి. కానీ రేంజ్‌లో పొద్దంతా కాల్చేటప్పుడు నేను దాన్ని బయటికి తియ్యను. చెక్క కడ్డీ విరిగితే అడ్డంగా విరగదు. చారలు పక్కకి పోయిన చోట ఏటవాలుగా చీలి, మొన తేలుతుంది. పై నుంచి బలంగా నొక్కుతున్న చెయ్యి ఆగదు కదా, ఆ మొన నేరుగా అరచేతిలోకి దిగుతుంది. ఈ ఆట ఆడేవాళ్లలో ఇలా చెయ్యి కుట్లు వేయించుకున్నవాళ్లు ప్రతి క్లబ్బులోనూ కనిపిస్తారు. చెక్కదే కొనాలనుకుంటే హికరీ కొనండి. వెలుతురులో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చారలు కడ్డీతో పాటే నడుస్తున్నాయో లేదో చూడండి. మధ్యలో ఒక్క చార పక్కకి దిగిపోయినా అది వద్దు. చివర ఇత్తడి టిప్ జిగురుతో అంటించి ఉంటే దానికి అడ్డంగా చిన్న మేకు కొట్టించండి. కొత్తవాళ్లకు అమ్మే ఒక కిట్‌లో వచ్చిన కడ్డీకి ఆ మేకు లేదు. శుభ్రం చేస్తుంటే టిప్, దాని మీదున్న గుడ్డ రెండూ బారెల్ అడుగున ఉండిపోయి, ఖాళీ కడ్డీ నా చేతికొచ్చింది.

రేంజ్‌కి నేను వాడేది ఇత్తడి రేంజ్ రాడ్. పైన గుండ్రటి పెద్ద పిడి ఉంటుంది, అరచెయ్యి మొత్తం దాని మీద ఆనుతుంది. కడ్డీ మీద జారే శంఖు ఆకారపు మజిల్ గార్డ్ ఒకటి ఉంటుంది. మూతిలో అది కూర్చుంటే కడ్డీ సరిగ్గా మధ్యలో దిగుతుంది, పక్కలకు రాసుకోదు. ఇది అలంకారం కాదు. గుండు బయటికొచ్చేటప్పుడు ఆఖరుగా తాకేది మూతి దగ్గరి గాడులనే. అక్కడ అరిగితే గురి పోయినట్టే. ఫైబర్‌గ్లాస్ కడ్డీలు విరగవు, తేలిక, చవక, నిజమే. కానీ వాటి ఒంటికి మసి, ఇసుక రేణువులు అంటుకుని ఆకురాయిలా మారతాయి. అవి వాడేవాళ్లు మజిల్ గార్డ్ లేకుండా వాడొద్దు, ప్రతిసారీ తుడవాలి. స్టీలు కడ్డీ గట్టిది, వంగదు. గార్డ్ ఉంటే దానికీ నేను సరే అంటాను.

కొనేముందు రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి పొడవు. షాపుల్లో ఎక్కువగా దొరికే రేంజ్ రాడ్‌లు 36 అంగుళాల లోపు ఉంటాయి. హాకెన్‌కి అది హాయిగా సరిపోతుంది. 42 అంగుళాల లాంగ్ రైఫిల్‌లో వేస్తే పిడి మూతికి తగిలినా గుండు ఇంకా అడుగుకు చేరదు. దానికి నేను 48 అంగుళాలది విడిగా తెప్పించుకోవలసి వచ్చింది. రెండోది మర. ఈ కడ్డీల చివర బిగించే జాగ్ (శుభ్రం చేసే గుడ్డను పట్టే ముక్క), వార్మ్ (లోపల ఉండిపోయిన గుడ్డను తీసేది) లాంటివి ముఖ్యంగా రెండు మర సైజుల్లో వస్తాయి, 8-32, 10-32. థాంప్సన్ సెంటర్‌ది 10-32. మీ కడ్డీ ఏదో తెలుసుకుని అన్నీ ఒకే సైజులో కొనండి. లేకపోతే అవసరమైన రోజు, అవసరమైన ముక్క మరలో ఎక్కదు.

ఇక ర్యామ్‌రాడ్ మీద గీత. దీనికి ఒక్క పైసా ఖర్చు కాదు, కానీ నా దృష్టిలో ఇంతకంటే విలువైన పనిముట్టు లేదు. ఖాళీ బారెల్‌లో కడ్డీ అడుగుదాకా దించి మూతి దగ్గర ఒక గీత పెట్టాలి. మీరు ఎప్పుడూ వాడే మందు, ప్యాచ్ (గుండుకు చుట్టే గుడ్డ), గుండు నింపాక మళ్లీ దించి ఇంకో గీత పెట్టాలి. మొదటిది తుపాకి ఖాళీగా ఉందని చెబుతుంది, రెండోది గుండు సరిగ్గా మందు మీద కూర్చుందని చెబుతుంది. మా బావ, అంటే అక్క భర్త, ఈ మధ్య నాతో పాటు రేంజ్‌కి వస్తున్నాడు. బాగా చలిగా, పొడిగా ఉన్న రోజది. అలాంటప్పుడు కాలిన మందు మసి గాజులా గట్టిపడి, అడుగుకి కాస్త పైన ఒక ఉంగరంలా పేరుకుంటుంది. నేను గుండు దింపాను, కడ్డీ ఆగింది, చేతికైతే అడుగు తగిలినట్టే ఉంది.

"బావా, గీత ఎక్కడుందో చూడు."

"మూతికి రెండంగుళాలు పైనే ఉందిరా. ఇంకా దిగాలి."

చేతికి అంతా అయిపోయినట్టు అనిపించింది, గీత మాత్రం కాలేదని చెప్పింది. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ ఉంచి పేలిస్తే ఆ చోట బారెల్ ఉబ్బిపోతుంది, పగలవచ్చు కూడా. రేంజ్ రాడ్ పిడి మీద చెయ్యి ఆన్చి, ముఖం, ఒళ్లు మూతికి ఎదురుగా లేకుండా పక్కకి జరిగి, ఆగకుండా నెమ్మదిగా నొక్కితే గీత మూతి దాకా వచ్చింది. అదే పని సన్నటి చెక్క కడ్డీతో చెయ్యాల్సి వచ్చుంటే నేను ఒప్పుకునేవాణ్ని కాను. ఆ తర్వాత నుంచి ప్రతి కాల్పుకీ ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ బారెల్‌లోకి పంపిస్తున్నాం. కడ్డీ పట్టుకునే తీరు కూడా చెప్పాలి. మూతికి జానెడు ఎత్తులో పట్టుకుని కొంచెం కొంచెంగా దింపాలి. పై కొస పట్టుకుని ఒక్క ఊపులో తొయ్యకూడదు. అడుగుకు చేరాక రోట్లో రోకలి దంచినట్టు కడ్డీ ఎత్తి ఎత్తి కొడతారు కొందరు. దానివల్ల మెత్తటి సీసం ఆకారం చెడుతుంది, మందు గింజలు నలుగుతాయి. గట్టిగా ఒకసారి నొక్కితే చాలు, ప్రతిసారీ అంతే బలంతో.

మందు కొలిచే గొట్టం తర్వాతి స్థానంలో ఉంటుంది. బ్లాక్ పౌడర్‌ని ఇక్కడ తూకంతో కాకుండా కొలతతో పోస్తారు, లెక్క మాత్రం గ్రెయిన్లలో. 70 గ్రెయిన్లంటే సుమారు నాలుగున్నర గ్రాములు. ఎంత పోయాలో మీ తుపాకి తయారీదారు ఇచ్చిన పుస్తకం చూసి నిర్ణయించుకోండి, పక్క బెంచీ మీదున్నాయన మాట విని కాదు. జరిపే కడ్డీ ఉన్న ఇత్తడి కొలగొట్టం దాదాపు అందరి దగ్గరా ఉంటుంది. 10 గ్రెయిన్ల చొప్పున గీతలు, పైన పక్కకి తిరిగే గరాటు. గరాటు పక్కకి తిప్పినప్పుడు దాని అంచే పైన పొంగిన మందును సమంగా గీసేస్తుంది. కాబట్టి ప్రతిసారీ ఒకే కొలత వస్తుంది. గరాటు లేనివాటిలో వేలితో గీస్తాం, అక్కడే తేడాలు మొదలవుతాయి. వీటికున్న ఒకే లోపం బిగించే స్క్రూ. చవకవాటిలో అది వదులై, సంచిలో ఊగేసరికి కొలత జరిగిపోతుంది. అందుకే కొలత తేలిపోయాక నేను జరపడానికి వీల్లేని కొలగొట్టానికి మారాను. ఒకే కొలతకు కోసిన ఇత్తడి గొట్టం, మెడలో తాడుకు వేలాడుతుంది. దానిలో వదులు కావడానికి ఏమీ లేదు.

మందు బ్రాండ్ మార్చినప్పుడు ఈ కొలతను మళ్లీ పరీక్షించుకోవాలి. 2021లో గోఎక్స్ ఉత్పత్తి ఆపేస్తున్నట్టు ప్రకటించాక చాలామంది స్విస్, షుట్‌జెన్ మందులకు మారారు. మరుసటి ఏడాది ఎస్టెస్ కంపెనీ గోఎక్స్‌ను కొన్నాక కొందరు తిరిగి వచ్చారు. స్విస్ మందు కాస్త చిక్కనిది. అదే గొట్టంలో అదే గీత దాకా పోసినా బరువు, బలం రెండూ పెరుగుతాయి. పాత గీతనే నమ్ముకుంటే గుండు పైకి కొడుతుంది. ఇంకో సంగతి, ఫ్లింట్‌లాక్‌కు అసలైన బ్లాక్ పౌడరే కావాలి. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, చెకుముకి రవ్వతో వాటిని నమ్మలేం.

మందు కొమ్ము గానీ ఫ్లాస్క్ గానీ ఎంత అందంగా ఉన్నా, దాని నుంచి నేరుగా మూతిలోకి పోయకూడదు. ముందు కాల్చినప్పటి నిప్పు కణిక లోపల ఉండిపోతే చేతిలో ఉన్న ఫ్లాస్క్ మొత్తం పేలుతుంది. కొలగొట్టంలోకి పోసి, ఫ్లాస్క్ మూసి దూరంగా పెట్టి, అప్పుడే మూతిలోకి. ఫ్లాస్క్‌లలో నాకు నచ్చింది చిన్నది. ఎక్కువ మందు పట్టేది బెంచీ మీద ఎందుకు?

షార్ట్ స్టార్టర్ మీద నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. గుండ్రటి పిడికి రెండు మొట్టెలు, అంటే చిన్న కడ్డీ ముక్కలు, ఉండే పనిముట్టు ఇది. పొట్టి మొట్టెతో గుండును మూతి అంచుకు దింపి, నాలుగైదు అంగుళాల పొడవుదానితో ఇంకాస్త లోపలికి పంపుతాం. ఆ తర్వాత ర్యామ్‌రాడ్ అందుకుంటుంది. పాతకాలంలో ఇది లేదని, మూతి కాస్త వెడల్పు చేసి బొటనవేలితోనే దింపేవారని వాదించేవాళ్లున్నారు. నా హాకెన్ మూతి అంచులు పదునుగా ఉంటాయి, స్టార్టర్ లేకుండా కుదరదు. చెక్క పిడి ఉన్నదే తీసుకోండి, పెద్దదైతే మంచిది. ఆ మొట్టె కొస చదునుగా కాకుండా గుండు ఒంపుకు తగ్గట్టు గుంటగా ఉండాలి. చదునుదైతే గుండు నెత్తి మీద నొక్కు పడుతుంది.

గుడ్డ, అంటే ప్యాచ్, నిజానికి పనిముట్టు కాదు గానీ దాన్ని వదిలేస్తే ఈ రివ్యూకి అర్థం లేదు. .50 బారెల్‌కి నేను .490 అంగుళాల గుండు, అంగుళంలో పదిహేను వేలవ వంతు మందం ఉన్న నూలు గుడ్డ వాడతాను. కోసి అమ్మే ప్యాచ్‌లు సుఖమే, కానీ మందం ప్యాకెట్‌కి ప్యాకెట్‌కి మారడం చూశాను. ఇప్పుడు దిండ్లకు వాడే చారల గుడ్డ గజాల లెక్కన కొని, గంజి పోయేలా ఉతికి, మైక్రోమీటర్‌తో కొలిచి వాడుతున్నాను. కాల్చాక ముందుకెళ్లి, నేల మీద పడ్డ ప్యాచ్‌లను ఏరి చూడండి. మధ్యలో మసి గుండ్రంగా, అంచులు చెక్కుచెదరకుండా ఉంటే అన్నీ బాగున్నట్టు. మధ్యలో కాలిపోయి చిల్లు పడితే గుడ్డ పల్చగా ఉంది లేదా తడి చాలలేదు. గుండు ఆనిన చోట చుట్టూ చీలికలుంటే మూతి అంచు కోస్తోంది. డబ్బిచ్చి కొనే ఏ పరికరమూ ఇంత స్పష్టంగా చెప్పదు.

ప్యాచ్‌కి పట్టించే జిడ్డు విషయం మనవాళ్లలో చాలామందికి అవసరం. షాపుల్లో దొరికేవాటిలో ఎలుగు కొవ్వు, మింక్ నూనె, గొర్రె కొవ్వు ఉన్నవి ఎక్కువ. 1857లో ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కోసం ఇచ్చిన కాగితపు తూటాల మీది కొవ్వు గురించే కదా మన సిపాయిలు తిరగబడింది. అది కూడా మూతి నుంచి నింపే తుపాకే. పంటితో చింపి మందు పోసి, గుండు దింపాలి. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. ఆలివ్ నూనె, తేనెమైనం కరిగించి కలిపితే చక్కటి జిడ్డు అవుతుంది. మా ఇంట్లో తయారయ్యేది అదే. పెట్రోలియం నూనెలు, గ్రీజు మాత్రం వద్దు. బ్లాక్ పౌడర్‌తో కలిసి తారులా అంటుకుంటాయి.

క్యాప్‌తో పేలే తుపాకికి క్యాపర్ ఉండాల్సిందే. చలికి మొద్దుబారిన వేళ్లతో 11 నంబర్ క్యాప్‌ను నిపుల్ (క్యాప్ కూర్చునే చిన్న మొన) మీద పెట్టడం నరకం, సగం గడ్డిలో పడతాయి. టెడ్ క్యాష్ ఇత్తడి క్యాపర్ నాకు బాగా నచ్చింది. పొడవుగా, వరసగా క్యాప్‌లు నిలబడేది. లోపలి స్ప్రింగు ఒక్కో క్యాప్‌ను కొస దాకా తోస్తుంది, నిపుల్ మీద నొక్కి పక్కకి లాగితే క్యాప్ అక్కడ ఉండిపోతుంది. గుండ్రటి రకం ఎక్కువ క్యాప్‌లు పడుతుంది కానీ హాకెన్ హ్యామర్ పక్కన ఇరుకుగా ఉంటుంది. అయితే క్యాప్ పెట్టేది ఆఖర్నే, నింపడమంతా అయిపోయి తుపాకి టార్గెట్ వైపు తిరిగాకే. పేలకపోతే కనీసం ఒక నిమిషం అలాగే టార్గెట్ వైపే పట్టుకుని ఉండాలి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

ఫ్లింట్‌లాక్‌కి సామాను ఇంకా తక్కువ. ప్యాన్‌లో, అంటే బారెల్ పక్కనున్న చిన్న గిన్నెలో, సన్నటి 4ఎఫ్ మందు కాస్త వేసే చిన్న ప్రైమర్ సీసా, ప్యాన్ నుంచి బారెల్‌లోకి నిప్పు వెళ్లే రంధ్రం గుచ్చి శుభ్రం చేసే సన్నటి తీగ, ప్యాన్ తుడిచే చిన్న బ్రష్. తీగ, బ్రష్ ఒకే గొలుసుకి ఉన్నవి దొరుకుతాయి, అవే కొనండి. ప్రైమర్‌తో ప్యాన్‌ను నింపెయ్యకూడదు. రంధ్రాన్ని మందు కప్పేస్తే అది వత్తిలా కాలుతూ లోపలికి వెళ్లాలి, పేలుడు ఆలస్యమవుతుంది. సగం కంటే తక్కువే చాలు. రాళ్లలో ఇంగ్లాండ్ నల్ల రాయి, ఫ్రాన్స్ తేనెరంగు రాయి రెండూ వాడాను. నా లాక్‌లో నల్లది ఎక్కువసేపు పదునుగా ఉంటుంది.

స్టార్టర్ కిట్‌ల గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. అందులో ఉండే ప్లాస్టిక్ కొలగొట్టం, పొట్టి కడ్డీ, నాసిరకం క్యాపర్, ఇవి మూడూ ఏడాది లోపు మార్చాల్సినవే. విడివిడిగా కొంటే మొదట కాస్త ఎక్కువవుతుంది, తర్వాత కొనే పని ఉండదు. మిన్నెసోటాలోని ట్రాక్ ఆఫ్ ది ఉల్ఫ్, టెనెసీలోని డిక్సీ గన్ వర్క్స్ ఇద్దరి దగ్గరా విడి ముక్కలన్నీ దొరుకుతాయి. డిక్సీ 1954 నుంచి ఇదే పనిలో ఉంది.

చిక్కుల్లో పడినప్పటి సామాను కూడా సంచిలో ఉండాలి. లోపల గుడ్డ ఉండిపోతే తీసే వార్మ్, మందు పోయడం మర్చిపోయి గుండు దింపేస్తే దాన్ని లాగడానికి బాల్ పుల్లర్ స్క్రూ. పుల్లర్ బారెల్ గోడకు గీసుకోకుండా చుట్టూ ఇత్తడి కాలర్ ఉన్నదే కొనండి. కానీ లోపల మందు ఉందో లేదో తెలియనప్పుడు పుల్లర్ వాడటం నాకు ఇష్టం లేదు. దానికి సీఓ2 డిస్చార్జర్ మేలు. చిన్న గ్యాస్ సిలిండర్, నిపుల్ మీదో రంధ్రం మీదో ఆన్చి నొక్కితే గుండు మూతిలోంచి బయటికి వచ్చేస్తుంది, లోపల మందు ఉంటే అదీ వచ్చేస్తుంది. నిపుల్‌కీ రంధ్రానికీ అడాప్టర్లు వేరు, కొనేటప్పుడు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. మూతి సురక్షితమైన దిక్కుకే ఉంచండి. క్యాప్ తీసేసి, ఫ్లింట్‌లాక్ అయితే ప్యాన్ ఖాళీ చేసి తుడిచాకే డిస్చార్జర్ తగిలించండి.